పాతబడిన తేలిక ల్యాప్‌టాప్: కొనాలా, వదలాలా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ కంపెనీలు ఉద్యోగుల చేతుల్లోని యంత్రాలను మార్చడం మొదలుపెట్టాయి. లీజు తీరినవి, లెక్కల్లోంచి కొట్టేసినవి చేతులు మారి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, చెన్నై రిచీ స్ట్రీట్‌కు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌కు చేరుతుంటాయి. వాటిలో చూపు లాగేవి పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల తెరతో, కిలోన్నర లోపు బరువుతో ఉండే తేలికపాటివి. కొత్తలో పెద్ద ఉద్యోగుల బల్లల మీద ఉన్నవి ఇప్పుడు డిగ్రీ విద్యార్థి బడ్జెట్‌లోకి వచ్చాయి.

అవి కొనదగినవేనా అని అడిగితే మాత్రం నలుగురు నాలుగు మాటలు చెబుతారు. ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ కంటే కింద ముట్టుకోవద్దంటారు ఒకరు. మూడో జనరేషన్ యంత్రానికి లైనక్స్ ఎక్కిస్తే పదేళ్లు ఢోకా లేదంటారు ఇంకొకరు. ఆపిల్ ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ఉండగా మిగతావి చూడటమే దండగని మూడో మాట. అంత డబ్బు పెట్టేటప్పుడు వారంటీ ఉన్న కొత్తదే తీసుకోవచ్చు కదా అని నాలుగోది. నాలుగింటికీ ఆధారాలున్నాయి. చిక్కు ఎక్కడంటే, అందరూ యంత్రాన్ని దాని వయసుతో కొలుస్తున్నారు. కానీ ల్యాప్‌టాప్ అంతా ఒకే వేగంతో ముసలిదైపోదు. బ్యాటరీకి ఒక ఆయుష్షు, ప్రాసెసర్‌కు ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ మద్దతుకు మరొకటి. వీటిలో కొన్నింటిని డబ్బిచ్చి మార్చుకోవచ్చు, కొన్నింటిని ఎంత ఇచ్చినా మార్చలేం. ఈ చర్చ మొత్తాన్ని ఆ తేడా దగ్గర నుంచి చూస్తే చాలా ముడులు విడిపోతాయి.

బరువు తగ్గించి ఏం పోగొట్టుకున్నారు

తేలిక ల్యాప్‌టాప్‌లు రెండు దారుల్లో వచ్చాయి. చవక దారిని తెరిచింది 2007లో ఆసుస్ తెచ్చిన ఈ-పీసీ 701. ఏడంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఫ్లాష్ స్టోరేజి, కిలో లోపు బరువు. దాని వెనక నెట్‌బుక్‌లు వరసకట్టాయి, ట్యాబ్లెట్లు రాగానే మాయమయ్యాయి. ఇవాళ వాటిని ఎవరైనా ఊరికే ఇచ్చినా ఆలోచించాల్సిందే.

ఖరీదైన దారి 2008 జనవరిలో మొదలైంది. స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి బయటికి తీసి చూపించిన మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.36 కిలోలు. 2 జీబీ ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారు, బ్యాటరీని లోపల బిగించేశారు. అప్పట్లో ఇది విమర్శకు గురైంది. తర్వాత అదే ఒరవడి అయింది. 2011లో తైపేలో జరిగిన కంప్యూటెక్స్‌లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ అనే వర్గాన్ని ప్రకటించింది. 2012లో లెనోవో ఎక్స్1 కార్బన్, డెల్ ఎక్స్‌పీఎస్ 13 వచ్చాయి. ఈ రెండింటిలోనూ మొదటి నుంచీ ర్యామ్ సోల్డర్ చేసినదే.

బరువు తగ్గిన ప్రతిసారీ విప్పి మార్చుకోగలిగినది ఒకటి పోయింది. ర్యామ్ సాకెట్ పోయింది, చేత్తో ఊడదీసే బ్యాటరీ పోయింది, ల్యాన్ పోర్టు పోయింది, ఫ్యాన్ సన్నబడింది. కొన్నింటిలో మూత తెరవడమే గగనమైంది. 2017 నాటి మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ దానికి మరమ్మతు యోగ్యతలో పదికి సున్నా వేసింది. అంటే మనం మెచ్చుకునే తేలికదనమే, చేతులు మారేనాటికి, దాని పెద్ద బలహీనత.

అయితే ఆఫీసులకు అమ్మే వరసల్లో ఈ మార్పు నెమ్మదిగా జరిగింది. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్ వరసను చూస్తే కథంతా అందులోనే ఉంది. 2012 నాటి ఎక్స్230లో ర్యామ్‌కు రెండు సాకెట్లు, 16 జీబీ దాకా వెళ్లొచ్చు. 2013లో ఎక్స్240 నుంచి సాకెట్ ఒక్కటే మిగిలింది. 2017 నాటి ఎక్స్270 దాకా ఆ ఒక్క సాకెట్టూ, వెనక నుంచి ఊడదీసే బ్యాటరీ నిలిచాయి. 2018లో ఎక్స్280 వచ్చేసరికి బరువు 1.2 కిలోల లోపుకు దిగింది. ర్యామ్ బోర్డుకు అతుక్కుంది, బయటి బ్యాటరీ పోయింది. కొసమెరుపు ఏమిటంటే, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ ఈ వరసలో మొదట వచ్చింది ఎక్స్280లోనే. మార్చుకోగలిగిన యంత్రానికి మద్దతు లేదు; మద్దతు ఉన్న యంత్రంలో మార్చుకోవడానికి వీల్లేదు. పాత తేలిక ల్యాప్‌టాప్ కొనేవాడి సంకటమంతా ఈ రెండు మోడళ్ల మధ్యే ఉంది.

జనరేషన్ గీత గీసేవాళ్లు

దుకాణాల్లో ఎక్కువగా వినిపించేది ఈ వాదం. ఎనిమిదో జనరేషన్ పైన తీసుకో, కింద వదిలేయ్. దీని వెనక రెండు వేర్వేరు కారణాలు ఒకే చోట కలిశాయి.

మొదటిది హార్డ్‌వేర్. ఏడో జనరేషన్ ఐ5-7200యూలో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. 2017 ఆగస్టులో ప్రకటించిన ఐ5-8250యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. రెండింటి విద్యుత్ పరిమితీ 15 వాట్లే. అంతకుముందు అయిదారేళ్లపాటు తేలిక ల్యాప్‌టాప్‌లలో రెండు కోర్లతోనే నెట్టుకొచ్చిన ఇంటెల్ ఒక్కసారిగా వాటిని రెట్టింపు చేసింది. ఒక వీడియో కాల్, పది బ్రౌజర్ ట్యాబులు, వెనక ఏదో అప్‌డేట్ నడిచే వేళ ఈ తేడా మామూలు వాడుకరికీ తెలుస్తుంది.

రెండోది విధానం. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచే అధికారిక మద్దతు, దాంతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. దీన్ని విమర్శించేవాళ్లు ఇది సాంకేతిక అవసరం కంటే కంపెనీ నిర్ణయమని అంటారు. ఆరో, ఏడో జనరేషన్ యంత్రాల్లో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి నడుపుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ విమర్శ గాలిమాట కాదు. కానీ ఆ దారిన వెళ్లినవాళ్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో కొన్ని ప్రాసెసర్ సూచనలను తప్పనిసరి చేయడంతో మరీ పాత యంత్రాలు అసలు బూటే కాకుండా పోయాయి. విండోస్ 10లోనే ఉండిపోదామంటే, వ్యక్తిగత వాడుకరులకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13.

ఈ పక్షం బలహీనత దాని తేలికైన సూత్రంలోనే ఉంది. జనరేషన్ ఒక్కటే చూస్తే, 4 జీబీ ర్యామ్ సోల్డర్ చేసిన ఎనిమిదో జనరేషన్ యంత్రం కూడా ‘పాస్’ అయిపోతుంది. అది కొనకూడని యంత్రం. మరో చిక్కు, కొన్ని మోడళ్లు ఒకే పేరుతో ఏడో జనరేషన్‌లోనూ ఎనిమిదో జనరేషన్‌లోనూ అమ్ముడయ్యాయి. మూత మీది పేరు చూసి డబ్బు కట్టేయకుండా, ప్రాసెసర్ నంబరును సిస్టమ్ సమాచారంలోనే చదవాలి. పైన అంటించిన స్టిక్కర్‌ను ఎవరైనా అంటించగలరు.

విప్పి బాగుచేసుకునేవాళ్లు, లైనక్స్ వాళ్లు

ఈ రెండు పక్షాలు వేరైనా తరచు ఒకే మనిషిలో ఉంటాయి. వీళ్ల మూల సిద్ధాంతం: రాతకోతలకూ చదువుకూ కావలసిన వేగం పదేళ్ల కిందటే వచ్చేసింది, ఆ తర్వాత పెరిగినదంతా సాఫ్ట్‌వేర్ ఊబకాయం. హార్డ్‌వేర్ వేగం పెరిగేదాని కంటే త్వరగా సాఫ్ట్‌వేర్ మందగిస్తోందని కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే రాశాడు. విండోస్ తీసేసి తేలికైన లైనక్స్ ఎక్కిస్తే, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే, పాత థింక్‌ప్యాడ్ మళ్లీ చురుగ్గా నడుస్తుందన్నది నిజమే. ఎస్‌ఎస్‌డీ మార్పు ఒక్కటే చాలాసార్లు ప్రాసెసర్ మార్పు కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది.

తెలుగువాళ్లకు లైనక్స్ కొత్తేమీ కాదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా ప్రచారం చేస్తోంది. యూనికోడ్ తెలుగు టైపింగ్, చదవడం, వెబ్, కోడింగ్ నేర్చుకోవడం వరకు లైనక్స్‌లో ఇబ్బంది లేదు. ఇబ్బంది వచ్చేది బతుకుతెరువు దగ్గర. అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ ఆపరేటరుకు, ట్యాలీలో లెక్కలు రాసే గుమస్తాకు, నిఘా సాఫ్ట్‌వేర్‌తో ఆన్‌లైన్ పరీక్ష రాయాల్సిన విద్యార్థికి విండోస్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఎక్కువ. వాళ్లకు లైనక్స్ సలహా ఇవ్వడం వినడానికి బాగుంటుంది, పనికి రాదు. వేలిముద్ర రీడర్ లాంటి కొన్ని భాగాలకు డ్రైవర్లు దొరకకపోవడం చిన్న విషయమే గానీ, కొనేముందు తెలిసి ఉండాలి.

ఈ పక్షం సాధారణంగా దాటేసే సంగతి తెర. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలాకాలం 1366×768 పిక్సెళ్ల టీఎన్ ప్యానెళ్లే వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాలకు అవి ఎలాగో సరిపోతాయి. తెలుగులో ఒత్తు కింద ఒత్తు, గుడి, దీర్ఘం, సున్నా అన్నీ ఒకే అక్షరం చుట్టూ చేరేటప్పుడు ఆ కొద్ది పిక్సెళ్లలో గీతలు కలిసిపోతాయి. తెలుగు చదవడానికో దిద్దడానికో ల్యాప్‌టాప్ కొనేవాళ్లు 1920×1080 ఐపీఎస్ తెరకు తక్కువ తీసుకోవద్దనే నా అభిప్రాయం. ప్యానెల్ మార్చడం సాధ్యమే. కాకపోతే ఆ ఖర్చు కలిపితే బేరం బేరంగా ఉండదు.

ఎం1 ఒక్కటే వేరే వర్గం

2020 నవంబరులో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఈ చర్చ లెక్కలను తారుమారు చేసింది. 1.29 కిలోల బరువు, ఫ్యాన్ లేదు, బ్యాటరీ బ్యాకప్‌లో ఆనాటి ఇంటెల్ తేలిక యంత్రాలను చాలా వెనక్కి నెట్టేసింది. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో కూడా దాని మీద నడుస్తుంది. వాడిన యంత్రాల్లో ఇంత ఏకాభిప్రాయం దక్కిన మోడల్ ఇటీవలి కాలంలో లేదు.

అదే పేరు, దాదాపు అదే రూపం ఉన్న ఇంటెల్ ఎయిర్‌ల సంగతి పూర్తిగా వేరు. 2017 మోడల్ మ్యాక్‌ఓఎస్ మాంటెరీ దగ్గరే ఆగిపోయింది. 2018, 2019 మోడళ్లకు సెక్వోయా రాలేదు. ఇంటెల్ మ్యాక్‌లకు టాహోయే ఆఖరి వెర్షన్ అని ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది; ఆ ఆఖరి వెర్షన్‌లోనూ ఇంటెల్ ఎయిర్‌కు చోటు దొరకలేదు. పైగా 2018, 2019 ఎయిర్‌లలో ఉన్నది గొడవలకెక్కిన బటర్‌ఫ్లై కీబోర్డు. ఆ కీబోర్డుల మీద నడిచిన దావాను ఆపిల్ 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఎం1 ధరకు దగ్గరగా ఇంటెల్ ఎయిర్‌ను అంటగట్టేవాళ్లు ఉంటారు కాబట్టి, ‘ఈ మ్యాక్ గురించి’ పేజీలో చిప్ పేరు చదవనిదే మాట్లాడకూడదు.

ఎం1 పక్షం ఒప్పుకోవాల్సిన లోపం కూడా ఉంది. ర్యామూ స్టోరేజీ రెండూ మార్చలేనివి. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 8 జీబీ, 256 జీబీ యంత్రాలు. రాయడానికి, చదవడానికి, సినిమాకు ఇది చాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు నేర్చుకోవాలని అమీర్‌పేట కోచింగ్‌లో చేరిన కుర్రాడికి చాలదు: ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి నడపడానికి గూగుల్ అడుగుతున్నదే 16 జీబీ.

కొత్తదే మేలనేవాళ్లు

ఈ వాదానికి బలం ఒక ఏడాది వారంటీ, కొత్త బ్యాటరీ, జీఎస్టీ బిల్లు. బలహీనత, ఆ ధరలో దొరికే కొత్త యంత్రాల నాణ్యత. అడుగు ధరలో వచ్చేవాటిలో తరచు చిన్న కోర్లతో చేసిన ఎన్-సిరీస్ ప్రాసెసర్లు, ప్లాస్టిక్ ఒళ్లు, మసక తెర ఉంటాయి. కొన్నింటిలో అసలు ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ స్టోరేజి ఉంటుంది. బరువులోనూ అవి తేలిక వర్గంలోకి రావు. లక్ష రూపాయల వర్గంలో పుట్టిన యంత్రానికి ఉన్న కీబోర్డు, మెగ్నీషియం చట్రం, గట్టి హింజ్‌లు పాతికవేల కొత్తదానికి రావు. అయినా, ల్యాప్‌టాప్ పాడైతే వారం రోజులు ఆగలేనివాళ్లకు, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ లేని ఊరివాళ్లకు కొత్తదే మేలు. ఈ పక్షాన్ని ఎగతాళి చేసేవాళ్లు సాధారణంగా స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసినవాళ్లే.

అందరూ తక్కువ అంచనా వేసే బ్యాటరీ

అన్ని పక్షాలూ బ్యాటరీని ‘మార్చుకోవచ్చులే’ అనే జాబితాలో వేస్తాయి. సూత్రప్రాయంగా నిజం. తేలిక యంత్రాల విషయంలో మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే బ్యాకప్ లేని తేలిక ల్యాప్‌టాప్ కొనడంలో అర్థమే లేదు. సంచిలో ఛార్జర్ మోయాల్సి వస్తే తగ్గిన బరువు తిరిగి వచ్చేసినట్టే.

లిథియం-అయాన్ బ్యాటరీ వాడినా అరుగుతుంది, ఊరికే ఉన్నా అరుగుతుంది. వేడిలో, నిండా ఛార్జింగ్‌తో ఉంటే ఇంకా త్వరగా అరుగుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఏళ్ల తరబడి ప్లగ్‌లోనే ఉంటాయి. తర్వాత నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో గోదాముల్లో పడుంటాయి. అందుకే ఛార్జింగ్ సైకిళ్ల సంఖ్య తక్కువ కనిపించినా సత్తువ ఉంటుందని లేదు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్టు తీయొచ్చు. అందులో రెండు అంకెలు చాలు: తయారీనాటి సామర్థ్యం, ఇప్పుడు నిండా ఎక్కే సామర్థ్యం. 48 వాట్-అవర్ల బ్యాటరీలో ఇప్పుడు 30 మిగిలిందనుకుందాం. సగటున 8 వాట్లు తాగే యంత్రం కొత్తలో ఆరు గంటలు నడిచేది, ఇప్పుడు నాలుగు గంటలకు లోపే. ఆపిల్ తన ల్యాప్‌టాప్ బ్యాటరీలకు 1000 సైకిళ్ల పరిమితి చెబుతుంది; ఇప్పటికి ఎన్ని సైకిళ్లు అయ్యాయో సిస్టమ్ రిపోర్టులో కనిపిస్తుంది.

ఈ అంకెలను గుడ్డిగా నమ్మడమూ కుదరదు. డూప్లికేట్ బ్యాటరీల్లోని చిప్ ‘సున్నా సైకిళ్లు, నూరు శాతం ఆరోగ్యం’ అని అబద్ధం చెప్పగలదు. దుకాణంలోనే ఛార్జర్ తీసి, తెర వెలుగు సగంలో పెట్టి, అరగంట వీడియో నడిపి ఎంత శాతం పడిందో చూస్తే రిపోర్టు నిజమో కాదో తేలిపోతుంది. పదిహేను శాతం లోపు పడితే సంతోషించాలి. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ వాచినట్టే. అక్కడ బేరమాడొద్దు, లేచి వచ్చేయాలి.

కంటికి కనిపించని తాళాలు

వాడిన సరుకు మార్కెట్లో అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియదు; ఆ తేడా వల్ల మంచి సరుకు కూడా అనుమానపు ధరకే పోతుంది. ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో రాసిన వ్యాసం ఇదే చెప్పింది, 2001లో ఆయనకు నోబెల్ తెచ్చింది. ల్యాప్‌టాప్‌ల విషయంలో ఆ తెలియనితనం అన్నిటికంటే ఎక్కువ ఉండేది అరుగుదలలో కాదు, తాళాల్లో.

కంపెనీల నుంచి వచ్చే యంత్రాలకు మూడు రకాల తాళాలుంటాయి. బయోస్‌కు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్: థింక్‌ప్యాడ్‌లలో అది తెలియకపోతే లెనోవో చెప్పే పరిష్కారం మదర్‌బోర్డు మార్చడమే. రెండోది రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే విండోస్‌లో ఆటోపైలట్, మ్యాక్‌లో కంపెనీ నమోదు. ల్యాప్‌టాప్ నెలల తరబడి బాగానే నడుస్తుంది. ఒకరోజు రీసెట్ చేసి నెట్‌కు కలపగానే పాత కంపెనీ పేరుతో లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. మూడోది ఆపిల్ యాక్టివేషన్ లాక్, పాత యజమాని ఖాతా తీయనిదే వదలదు.

పరీక్ష ఒక్కటే. డబ్బిచ్చే ముందు యంత్రాన్ని పూర్తిగా చెరిపించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మొదటి నుంచి సెటప్ చేయించుకోవాలి. అరగంట పడుతుంది. ఆ అరగంట ఇవ్వని దుకాణం ధర ఎంత తక్కువైనా అనవసరం. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం కూడా ఇందులో భాగమే. ఆ నంబరును తయారీదారు సైట్లో కొడితే యంత్రం ఎప్పుడు అమ్ముడైందో, చాలావాటికి మొదటి కాన్ఫిగరేషన్ ఏమిటో తెలుస్తుంది. 8 జీబీతో పుట్టినది 16తో అమ్మకానికి వచ్చిందంటే తప్పేమీ లేదు. ర్యామ్ సోల్డర్ చేసే మోడల్ అయితే మాత్రం ఎక్కడో అబద్ధం ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఆరో, ఏడో జనరేషన్ థింక్‌ప్యాడ్ ఎక్స్260, ఎక్స్270: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోవచ్చు, విండోస్ భవిష్యత్తు లేదు. లైనక్స్ నేర్చుకునేవాళ్లకు, రెండో యంత్రంగా ఉంచుకునేవాళ్లకు, అదీ బాగా చవగ్గా వస్తేనే. ఎక్స్280, అదే కాలపు ఎక్స్1 కార్బన్: చాలా తేలిక, ఎనిమిదో జనరేషన్, ర్యామ్ ఎంత ఉంటే అంతే. 16 జీబీది దొరికితే మేలు, 8 జీబీది రాతపనికి మాత్రమే, 4 జీబీది వద్దు.

ఈ రెండు కొసల మధ్య చాలామంది చూడకుండా దాటేసే యంత్రాలు కొన్నున్నాయి. డెల్ లాటిట్యూడ్ 7290, 7390, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 830 జీ5. ఎక్కువగా ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ ఉంటుంది, ర్యామ్ సాకెట్‌లో ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ ఎం.2, యూఎస్‌బీ-సీతో ఛార్జింగ్. బరువు ఎక్స్280 కంటే కాస్త ఎక్కువే. ఆ కాస్త అదనపు బరువే మార్చుకునే హక్కుకు కట్టే రుసుము అనుకుంటే, నా లెక్కలో ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే తక్కువ రుసుము అదే. వీటి తెర 1366×768ది అంటగట్టకుండా చూసుకోవాలి, అంతే.

ధర విషయంలో పక్షాలన్నీ ఒకే తప్పు చేస్తాయి: దుకాణదారు చెప్పిన అంకెనే ధర అనుకుంటాయి. దానికి కొత్త బ్యాటరీ, లోటుపడ్డ ర్యామ్, అసలు ఛార్జర్ కలిపితే వచ్చేదే ధర. అలా కలిపిన మొత్తం, అదే బరువూ అంతే ర్యామూ ఉన్న కొత్త యంత్రం ధరలో సగం దాటితే వదిలేయడం మంచిదని నేను అనుకుంటాను. చాలా బేరాలు ఈ లెక్క దగ్గరే తేలిపోతాయి.

పర్యావరణ వాదన

పాతది కొనడం పర్యావరణానికి మేలన్న మాటను కాదనేవాళ్లు లేరు, దాన్ని చూసి కొనేవాళ్లూ తక్కువే. ఐక్యరాజ్యసమితి సంస్థలు తెచ్చిన గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త పుట్టించింది. సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ల్యాప్‌టాప్ జీవితకాలపు కర్బన ఉద్గారాల్లో పెద్ద భాగం తయారీలోనే జరిగిపోతుంది కాబట్టి ఉన్నదాన్ని ఇంకో మూడేళ్లు నడపడం మంచిదే. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన మన ఈ-వేస్ట్ నిబంధనలు రీఫర్బిష్ చేసేవాళ్లనూ నమోదు పరిధిలోకి తెచ్చాయి. దుకాణాల మీద ‘రీఫర్బిష్డ్’ అని రాసుకున్నంత మాత్రాన యంత్రాన్ని నిజంగా విప్పి, దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చారని మాత్రం అనుకోకూడదు. చాలాచోట్ల అది తుడిచి స్టిక్కర్ వేయడమే.

ఇంకా తేలనివి

ర్యామ్ ధర మొదటిది. ‘8 జీబీది తీసుకో, తర్వాత ఇంకో 8 వేసుకో’ అనే సలహా ర్యామ్ చవగ్గా ఉన్న రోజుల్లో పుట్టింది. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. ఇలాగే ఉంటే సాకెట్ ఉన్నందువల్ల కలిగే లాభం కాగితం మీదే మిగలొచ్చు. 16 జీబీతో వచ్చే యంత్రానికే ముందుగా కాస్త ఎక్కువ పెట్టడం నయం కావచ్చు. ధరలు దిగితే పాత సలహాయే మళ్లీ నిలుస్తుంది.

ఎనిమిదో జనరేషన్ గీత ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రెండోది. విండోస్ 11 మీదున్నంతకాలం ఆ యంత్రాలకు మద్దతు ఉంది. ఆ తర్వాతి వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ గీతను ఎక్కడికి జరుపుతుందో ఇప్పుడే చెప్పేవాళ్లు లేరు. 2018 నాటి యంత్రానికి మరో మూడేళ్లు లెక్కవేసుకుని కొనడం సమంజసం, ఏడేళ్లు లెక్కవేసుకోవడం జూదం.

చర్చలో ఇంకా సరిగ్గా ప్రవేశించనిది సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల సంగతి. 2011లో జారీ చేసిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది. వాటి బదులు 2023 నాటివి యంత్రంలోకి చేరాలి. చాలావాటికి విండోస్ అప్‌డేట్‌తోనే చేరతాయి. కొన్నింటికి ముందుగా తయారీదారు ఇచ్చే బయోస్ అప్‌డేట్ కావాలి. చేరకపోయినా యంత్రం ఆగిపోదు, బూట్ భద్రతకు సంబంధించిన కొత్త రక్షణలు మాత్రం దానికి అందవు. ఏ పాత మోడళ్లకు ఏ కంపెనీ ఎంతవరకు బయోస్ అప్‌డేట్లు ఇస్తుందన్నది మోడల్‌కు మోడల్ మారుతుంది. కొనబోయే యంత్రం మోడల్ పేరుతో తయారీదారు సపోర్ట్ పేజీ తెరిచి, ఆఖరి బయోస్ ఏ తేదీన వచ్చిందో చూడటానికి రెండు నిమిషాలు చాలు. దుకాణంలో ఆ పని చేసేవాళ్లు ఇప్పటికి అరుదు.